పురీషనాళం తీసివేసిన తరువాత రోజుకు 12 సార్లు: ఇది ఎప్పటికి కుదుటపడుతుంది?

ప్రశ్న: మద్దిలపాలెం గుమాస్తా

అందరికీ నమస్కారం. నా వయస్సు 47 సంవత్సరాలు. విశాఖపట్నం మద్దిలపాలెంలో కాపురం ఉంటూ, గాజువాకలోని ఒక సరుకుల గిడ్డంగిలో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నాను. నిరుడు నాకు పురీషనాళంలో (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్ గడ్డ ఉన్నదని కొలనోస్కోపీలో (కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్ష) తేలింది. ముందు ఐదు వారాలకు పైగా రేడియేషన్ (మన వైపు కరెంటు పెట్టడం అంటారు) ఇచ్చి, దానితో పాటు కీమో మాత్రలు వేయించారు. ఆ తరువాత శస్త్రచికిత్స చేసి పురీషనాళంలో చాలా భాగం తీసివేశారు. పైనున్న పెద్దపేగును క్రిందికి దింపి, మలద్వారానికి కొంచెం ఎగువన అతికించారు. ఆ అతుకు మానేదాకా అని చెప్పి, చిన్నపేగును పొట్టకు కుడివైపు బయటకు తీసి సంచి పెట్టారు.

సంచి ఉన్న ఏడు నెలలూ అది ఎప్పుడు పోతుందా అని రోజులు లెక్కపెట్టుకున్నాను. దానిని మూసివేసి ఇప్పటికి నాలుగు నెలలయింది. నిజం చెప్పడానికి సిగ్గుగా ఉన్నది గానీ, ఒక్కొక్క రోజు ఆ సంచే నయమనిపిస్తున్నది.

రోజుకు 10 నుండి 12 సార్లు మోషన్‌కు వెళ్ళవలసి వస్తున్నది. అవి కూడా రోజంతా సమానంగా రావు; ఉదయం ఒక గంటలోనే నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొద్దికొద్దిగా, పూర్తిగా అయిందన్న తృప్తి లేకుండా వస్తాయి. వచ్చిందని తెలిసిన తరువాత రెండు మూడు నిమిషాలు కూడా ఆపుకోలేను. గ్యాసో, మలమో ముందుగా తెలియదు. రాత్రి రెండుసార్లు లేస్తున్నాను. చర్మం ఒరిసిపోయి కూర్చోవడమే కష్టంగా ఉన్నది. గాజువాక వెళ్ళే బస్సులో రెండుసార్లు మధ్యలో, ఒకసారి కంచరపాలెం దగ్గర, ఒకసారి ఎన్‌ఏడీ కూడలి దగ్గర దిగిపోయాను. రెండవసారి దిగినా ఫలితం లేకపోయింది. ఆ రోజు నుండి ఉదయం ఏమీ తినకుండా ఉద్యోగానికి వెళ్ళి, సాయంత్రం ఇంటికి వచ్చిన తరువాతే కడుపునిండా తింటున్నాను. నాలుగు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను.

శస్త్రచికిత్సకు ముందు నాతో గడ్డ గురించి, ఖర్చు గురించి, సంచి గురించి మాట్లాడారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినా నా చెవికెక్కలేదేమో. సంచి మూసిన తరువాత అడిగితే, క్రమంగా సర్దుకుంటుంది అన్నారు. చుట్టాలేమో, గడ్డ పోయింది, ప్రాణం దక్కింది, ఇంకా ఏమిటి నీ బాధ అంటున్నారు. రెండు నెలల్లో విజయనగరంలో మా మేనకోడలి పెళ్ళి ఉన్నది. మేనమామను కనుక వెళ్ళక తప్పదు.

ఈ స్థితి అందరికీ వచ్చేదేనా, నా అతుకులో ఏదైనా లోపం ఉన్నదా? ఎంత కాలానికి తగ్గుతుంది? ఏమి తినాలి? ఇదే దారిలో నడిచినవారు దయచేసి చెప్పగలరు.


సమాధానం 1: విశ్రాంత ఉపాధ్యాయిని, సీతమ్మధార

బాబూ, మీరు రాసినదంతా చదువుతుంటే ఆరేళ్ళ నాటి నా రోజులు కళ్ళ ముందు తిరిగాయి. నాకూ మీకు చేసిన శస్త్రచికిత్సే చేశారు. కాకపోతే నాకు రేడియేషన్ ఇవ్వలేదు. అది చిన్న తేడా కాదు, తరువాత చెబుతాను.

ముందుగా, మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిసి ఈ శస్త్రచికిత్స జరిగిన చాలామందిలో కనిపిస్తాయి, దీనికి వైద్యంలో లార్స్ (లో యాంటీరియర్ రిసెక్షన్ సిండ్రోమ్) అని పేరు కూడా ఉన్నది. పేరు ఉన్నదని తెలియడమే నాకు సగం ధైర్యం ఇచ్చింది, ఎందుకంటే అంతవరకు నేనే ఏదో చేసుకున్నానని అనుకునేదాన్ని. మేడ మీది నీళ్ల ట్యాంకును తీసివేసి, మోటారు పైపును నేరుగా కుళాయికి కలిపారని అనుకోండి. పురీషనాళం ఆ ట్యాంకు వంటిది. మలాన్ని నిలవ ఉంచేది అదే, లోపల ఉన్నది గాలియా మలమా అని గ్రహించి చెప్పేది కూడా అక్కడి నరాలే. దానిని తీసి దాని చోట పెద్దపేగును కలిపితే, పెద్దపేగుకు తోయడం తెలుసు గానీ నిలవ ఉంచడం తెలియదు. పైగా ఏడు నెలలు మీ పెద్దపేగులోకి ఏమీ రాలేదు. ఊరుకున్న పేగు ఒక్కసారిగా పనిలో పడింది. రేడియేషన్ తగిలిన కణజాలం బిగుసుకుపోయి సాగే గుణం కోల్పోతుంది. అందువలన నాకంటే మీకు కొంత ఆలస్యంగా కుదుటపడవచ్చునని ముందే మనసులో పెట్టుకోండి.

కాలం సంగతి. నాకు నాలుగవ నెలలో 14 సార్లు, ఏడాది నిండేసరికి ఏడు సార్లు, రెండవ ఏడాది చివరకు నాలుగు సార్లు. ఆ నాలుగు ఇప్పటికీ నాలుగే. మెరుగుదల ఎక్కువగా మొదటి ఏడాది, ఏడాదిన్నరలో ఉంటుందనీ, రెండేళ్ళ తరువాత మిగిలినది చాలావరకు అలాగే నిలిచిపోతుందనీ నాకు చికిత్స చేసిన డాక్టరు గారు చెప్పారు. నా విషయంలో అదే జరిగింది. పాత రోజులు అలాగే తిరిగి వస్తాయని మాత్రం నేను చెప్పలేను.

మీరు ఉదయం తినకపోవడం గురించి కొంచెం కఠినంగానే చెబుతాను, ఎందుకంటే నేనూ బడికి వెళ్ళే రోజుల్లో అదే తప్పు చేశాను. కడుపులో ఆహారం లేకపోయినా పేగు తన గ్యాసు, జిగురు తాను తయారు చేసుకుంటూనే ఉంటుంది. సాయంత్రం దాకా ఉపవాసం ఉండి ఒక్కసారిగా కంచం నిండా తింటే, ఆ బరువుకు పేగు కదలికలు పెరిగి రాత్రంతా నిద్ర ఉండదు. ఆహారం కడుపులో పడగానే పెద్దపేగు కదలడం ఎవరికైనా సహజం. ట్యాంకు లేని మనకు అది వెంటనే తెలుస్తుంది, అంతే తేడా. ఆ సహజ గుణాన్నే మన పనికి వాడుకోవాలి. నేను ఉదయం ఐదున్నరకే రెండు ఇడ్లీలు తిని, ఒక గ్లాసు వేడి నీళ్ళు త్రాగి, తరువాతి గంటన్నర ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లోనే ఉండేదాన్ని. నాలుగైదు సార్లు అప్పుడే అయిపోయేవి. ఎనిమిది గంటలకు ఇంటి నుండి బయలుదేరితే మధ్యాహ్నం దాకా భయం ఉండేది కాదు. ఇది కుదరడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది.

ఆహారం విషయంలో నేను హాజరుపట్టీ లాంటి పుస్తకం ఒకటి పెట్టుకున్నాను. ఏమి తిన్నాను, ఎన్ని గంటలకు, తరువాత ఎన్నిసార్లు, ఎలా ఉన్నది. నలభై రోజులు రాసేసరికి నా పేగు స్వభావం నాకు తెలిసింది. పెరుగన్నం, సగ్గుబియ్యం జావ, అరటిపండు, ఉడికించిన బంగాళాదుంప, సొరకాయ కూర మలాన్ని కొంత గట్టిపరిచాయి. పచ్చి ఉల్లిపాయ, క్యాబేజీ, పనసపొట్టు కూర, ఉలవచారు, చిక్కని పాల కాఫీ నన్ను నిలువనివ్వలేదు. మా అత్తగారు బలమని చెప్పి రోజూ చోడి (రాగి) అంబలి పోసేవారు. ఆ మాట కాదనలేక త్రాగి గంటలోపు మూడుసార్లు వెళ్ళేదాన్ని. మరొకరికి అదే అంబలి పడవచ్చు. నా జాబితాను మీ జాబితాగా తీసుకోకండి, మీది మీరు రాసుకోండి.

ఇసబ్‌గోల్ నాకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది. మలబద్ధకానికి కదా అది అని మీరు అనవచ్చు. ఎక్కువ నీళ్ళతో తీసుకుంటే మలాన్ని మెత్తబరుస్తుంది, తక్కువ ద్రవంతో తీసుకుంటే లోపలి నీటిని పీల్చుకుని కొద్దికొద్దిగా వచ్చే మలాన్ని ఒక ముద్దగా చేస్తుంది. భోజనానికి ముందు ఒక చెంచాడు పలుచని మజ్జిగలో కలిపి, అది చిక్కబడక ముందే త్రాగేదాన్ని. మొదట్లో గ్యాస్ పెరుగుతుంది కనుక చెంచాడుకు మించి మొదలుపెట్టకండి. అతుకు దగ్గర ఇరుకు ఏర్పడి ఉంటే ఇది ప్రమాదం కాబట్టి, డాక్టరు గారు ఒకసారి వ్రేలితో గానీ కెమెరాతో గానీ చూసి అతుకు బాగున్నదని చెప్పిన తరువాతే వాడండి.

చర్మానికి: కాగితంతో తుడవకండి. నీటితో కడిగి, పాత నూలు గుడ్డతో అద్దండి, రుద్దకండి. చేతి షవరు నీళ్ళు వేగంగా కొడితే ఒరిసిన చోట ఇంకా మండుతుంది, చెంబు నీళ్ళు మేలు. ఆరిన తరువాత జింక్ ఆక్సైడ్ లేపనం పలుచగా పూయండి. మన ఊరి ఉక్కపోతలో చెమట వల్ల కూడా చర్మం పాడవుతుంది కనుక ఆఫీసులో ఒక జత లోదుస్తులు ఎప్పుడూ ఉంచుకోండి.

కటి కండరాల వ్యాయామం ఒకటి ఉన్నది. గ్యాసును ఆపుకుంటున్నట్లుగా మలద్వారాన్ని లోపలికి బిగించి ఐదు లెక్కపెట్టి వదలాలి. అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొట్టను, పిరుదులను బిగించకూడదు. నాకు ఒక ఫిజియోథెరపిస్టు నేర్పారు, సొంతంగా చేస్తే తప్పు కండరాన్ని బిగిస్తామని ఆమె అన్న మాట నిజమే. మూడు నెలలు విడవకుండా చేసిన తరువాత, ఆపుకోగలిగే సమయం రెండు నిమిషాల నుండి పదికి పెరిగింది. పది నిమిషాలంటే ఏమిటో మీకు చెప్పనవసరం లేదు.

ఇంకొక మాట. 2012లో డెన్మార్క్ వైద్యులు ఈ బాధను కొలవడానికి ఐదు ప్రశ్నల పట్టిక ఒకటి తయారు చేశారు. గ్యాసు ఆగుతుందా, పలుచని మలం కారుతుందా, రోజుకు ఎన్నిసార్లు, గంటలోపు మళ్ళీ వెళ్ళవలసి వస్తుందా, పరుగెత్తవలసి వస్తుందా అన్నవి ఆ ప్రశ్నలు. మొత్తం 42 మార్కులు. 30 అంతకు పైన వస్తే తీవ్రంగా ఉన్నట్లు. (పరీక్షలో ఎక్కువ మార్కులు వస్తే బాధపడవలసినది ఇదొక్కటే.) "బాగాలేదండీ" అని చెప్పడం కంటే ఆ మార్కులు చూపిస్తే డాక్టరు గారు నిలబడి వింటారు.

పెళ్ళికి బస్సులో కాకుండా రైలులో వెళ్ళండి. విజయనగరం సుమారు గంట ప్రయాణం, పెట్టెలోనే మరుగుదొడ్డి ఉంటుంది. ఆ ధైర్యం ఉంటే చాలాసార్లు దాని అవసరమే పడదు.


సమాధానం 2: గోపాలపట్నం కిరాణా వ్యాపారి

ఎవరి జాబితా వారే రాసుకోవాలని టీచరమ్మ గారు చెప్పిన మాటను నేను ఇంకా గట్టిగా చెప్పదలచుకున్నాను. పేగు తీసివేశారు అన్న ఒక్క మాట క్రింద మనమందరం ఒకటే అనుకుంటాము గానీ, ఏ ముక్క తీశారన్న దానిని బట్టి బాధ మారుతుంది, మందు కూడా మారుతుంది. ఆ సంగతి తెలియక నేను రెండేళ్ళు పోగొట్టుకున్నాను.

నాది క్యాన్సర్ కాదు, పేగు క్షయ. చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట ఇరుకై, తిన్నది ముందుకు పోక, వాంతులతో ఆసుపత్రిలో చేరాను. చిన్నపేగు చివరి భాగం సుమారు 70 సెంటీమీటర్లు, దానితో పాటు పెద్దపేగు మొదటి భాగం తీసి అతికించారు. ఆ తరువాత ఆరు నెలలు క్షయ మందులు వాడాను. జబ్బు పోయింది, నీళ్ల విరేచనాలు మిగిలాయి. పసుపుపచ్చగా, మంటగా, ముఖ్యంగా నూనె పదార్థం ఏది తిన్నా అరగంటలో వచ్చేవి. తెలిసినవారొకరు తనకు పనిచేసిందని ఇసబ్‌గోల్ ఇచ్చారు. నాకు కడుపు ఉబ్బడం తప్ప ఒరిగింది లేదు.

చివరకు ఒక జీర్ణకోశ వైద్యుడు కాగితం మీద బొమ్మ గీసి వివరించారు. కాలేయం నుండి వచ్చే పైత్యరస లవణాలు కొవ్వును అరిగించిన తరువాత, వాటిలో సుమారు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగమే పీల్చి తిరిగి కాలేయానికి పంపుతుంది. ఆ భాగం లేకపోతే అవి పెద్దపేగులోకి దిగి, అక్కడ నీటిని ఊరేటట్లు చేస్తాయి. అందుకే పసుపు రంగు, మంట. దానికి కొలెస్టిరమైన్ అనే పొడి ఇచ్చారు. నీటిలో కలిపి త్రాగాలి, ఇసుక త్రాగినట్లుంటుంది, కానీ వారం రోజుల్లో తొమ్మిది సార్లు మూడుకు దిగాయి. ఆ పొడి ఇతర మందులను కూడా పట్టి ఉంచుతుంది కనుక, మిగిలిన మాత్రలు దానికి గంట ముందు గానీ, నాలుగు నుండి ఆరు గంటల తరువాత గానీ వేసుకోవాలి. నేను థైరాయిడ్ మాత్ర దానితో పాటే వేసుకుని కొన్ని నెలలు ఆ మాత్రను వృథా చేశాను. చిన్నపేగు మీటరుకు పైగా తీసినవారికి ఇదే పొడి కొవ్వు అరుగుదలను ఇంకా చెడగొట్టవచ్చునట. చూడండి, ఒకే మందు 70 సెంటీమీటర్లకు మేలు, 150 సెంటీమీటర్లకు కీడు.

ఇక రెండవది బీ12 విటమిన్. దానిని పీల్చేది కూడా ఆ చివరి భాగమే. కాలేయంలో కొన్నేళ్ళకు సరిపడా నిలవ ఉంటుంది కనుక లోటు వెంటనే తెలియదు. నాకు శస్త్రచికిత్స జరిగిన నాలుగవ ఏట అరికాళ్ళు మొద్దుబారడం మొదలైంది. షుగర్ వచ్చిందేమోనని రెండుసార్లు పరీక్ష చేయించుకున్నాను. చీకట్లో నడుస్తుంటే నేల తెలియక తూలిపోయేవాడిని. సింహాచలం మెట్లు దిగుతూ ఒకసారి పడబోయాను. రక్తంలో బీ12 చూస్తే అట్టడుగున ఉన్నది. ఇప్పుడు నెలకొకసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షను వేయించుకుంటున్నాను, జీవితాంతం వేయించుకోవాలి. తూలడం పోయింది, మొద్దుబారడం మాత్రం కొంత మిగిలిపోయింది. మొదటి ఏడాదే ఎవరైనా ఆ పరీక్ష రాసి ఉంటే ఆ కొంత కూడా మిగిలేది కాదేమో.

మూత్రపిండంలో రాయి కూడా వచ్చింది. కొవ్వు సరిగా అరగనివారిలో కాల్షియం ఆ కొవ్వుకు అంటుకుపోతే, దానితో కలిసి బయటకు పోవలసిన ఆక్సలేటు రక్తంలోకి చేరి మూత్రంలో రాయిగా మారుతుందట. పాలకూర, వేరుశనగ తగ్గించి, భోజనంతో పాటు పెరుగు తినమన్నారు. కొట్టులో వేరుశనగ బస్తా ప్రక్కనే కూర్చునే నాకు ఇది నోటికి తాళం వేసినట్లే అయింది.

గుమాస్తా గారూ, ఇవేవీ మీ సమస్యలు కావు. మీకు తీసినది వేరే ముక్క. అయినా ఇదంతా ఎందుకు రాశానంటే, మీ డిశ్చార్జి కాగితంలో ఏ భాగం, ఎన్ని సెంటీమీటర్లు తీశారో రాసి ఉంటుంది. ఆ వాక్యాన్ని వెతికి, మీకు తెలిసిన భాషలో రాయించుకుని జేబులో పెట్టుకోండి. ఎవరు ఏ సలహా ఇచ్చినా, ఇచ్చినవారిది ఏ ముక్క అని ముందు అడగండి.


సమాధానం 3: ప్రకృతి హితుడు

ఇంగ్లీషు మందులతో పేగులు ఇంకా బలహీనపడతాయి. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరకే అనలేదు. మూడు రోజులు కొబ్బరినీళ్ళ మీద ఉండి, దానిమ్మ తొక్క కషాయం ఉదయం సాయంత్రం త్రాగితే విరేచనాలు కట్టుకుంటాయి. మా బంధువుకు తగ్గింది.


సమాధానం 4: వార్డు నర్సు, మధురవాడ

పై సలహా ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే గానీ, కిరాణా వ్యాపారి గారు చెప్పిన ప్రశ్ననే నేనూ అడుగుతాను: ఆ బంధువుకు ఏ ముక్క తీశారు? అజీర్ణం చేసిన మనిషికి ఒక పూట లంఖణం మంచిదే. ఆరు కిలోలు తగ్గిన మనిషికి మూడు రోజుల లంఖణం మందు కాదు. నేను శస్త్రచికిత్స వార్డులో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇలా ఉపవాసాలు చేసి నీరసించి తిరిగి చేరిన వారిని చూశాను.

కొబ్బరినీళ్ళ గురించి మన ఊళ్ళో ఉన్న నమ్మకం ఒకటి సరిచేయాలి. బీచ్ రోడ్డులో బోండాం కొట్టించుకుని త్రాగితే హాయిగా ఉంటుంది, కాదనను. కానీ విరేచనాలతో, చెమటతో మనం పోగొట్టుకునేది ముఖ్యంగా సోడియం, కొబ్బరినీళ్ళలో ఉండేది ముఖ్యంగా పొటాషియం. నీళ్ల విరేచనాలు ఎక్కువైన రోజున ఓఆర్ఎస్ త్రాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పెద్ద ప్యాకెట్టులో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దానిని సరిగ్గా ఒక లీటరు నీటిలో మొత్తం ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున కలుపుకోవడం, రుచి కోసం పంచదార వేయడం చేయకండి. పంచదార ఎక్కువైతే అదే విరేచనాలను పెంచుతుంది. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. మందుల షాపులో పండ్ల రసం డబ్బా వంటిది చూపించి ఇదే ఓఆర్ఎస్ అంటే నమ్మకుండా, దాని మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉన్నదో లేదో చదవండి.

గుమాస్తా గారూ, మీరు లోపెరమైడ్ (పేగు కదలికను నెమ్మదింపజేసే మాత్ర) గురించి అడగలేదు గానీ మీ డాక్టరు గారిని అడగండి. చాలామంది దానిని విరేచనాలు అయిన తరువాత వేసుకుంటారు. మీ వంటి స్థితిలో దానిని తినడానికి అరగంట ముందు వేసుకుంటే, ఆహారం పడేసరికి పేగు నెమ్మదిస్తుంది. మామూలు మోతాదులో అది మెదడుకు చేరదు కనుక అలవాటు పడిపోతామన్న భయం అక్కరలేదు. కానీ సొంతంగా పెంచుకుంటూ పోతే గుండె లయ దెబ్బతింటుంది; రోజుకు 16 మిల్లీగ్రాములకు, అంటే 2 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిదికి మించకూడదు, అంత దూరం వెళ్ళవలసిన అవసరం కూడా చాలామందికి రాదు. జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా, కడుపు ఉబ్బి గ్యాస్ పోవడం ఆగిపోయినా దానిని ముట్టుకోకూడదు.

ఆ చివరి మాటను ఇంకొంచెం చెప్పాలి. కడుపు కోసిన ప్రతి ఒక్కరికీ లోపల పేగులు ఒకదానికొకటి అంటుకునే అవకాశం ఉంటుంది, అది నెలల్లో రావచ్చు, ఏళ్ళకూ రావచ్చు. మెలిపెట్టినట్లుగా నొప్పి వచ్చి పోతూ, కడుపు ఉబ్బి, వాంతులై, మోషన్, గ్యాస్ రెండూ ఆగిపోతే అది అజీర్ణం కాదు. వాము, సోడా అంటూ ఇంట్లో రాత్రి గడపకుండా క్యాజువాలిటీకి వెళ్ళాలి. ఏదీ నోటితో ఇవ్వకూడదు. ఇది శస్త్రచికిత్స జరిగిన పై ముగ్గురికీ వర్తిస్తుంది, ఇందులో ముక్క తేడా లేదు.

కిరాణా వ్యాపారి గారి కాళ్ళ మొద్దుబారడం గురించి చదివి మీరు కంగారుపడవచ్చు. మీకు బీ12 పీల్చే భాగం దాదాపు పూర్తిగా ఉన్నది. శస్త్రచికిత్స తరువాత ఆక్సాలిప్లాటిన్ అనే కీమో ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే వేళ్ళు మొద్దుబారడం, చల్లని వస్తువు తగిలితే జివ్వుమనడం దాని వల్ల కావచ్చు. అయినా అనుమానం ఉంటే ఒక రక్తపరీక్షతో తేలుతుంది.

వ్యాయామం, మాత్రలు, ఇసబ్‌గోల్ అన్నీ చేసి కూడా నిలవకపోతే, మలద్వారం గుండా గోరువెచ్చని నీటిని ఎక్కించి పేగును ఒకేసారి ఖాళీ చేసే పద్ధతి ఉన్నది. అతుకు సరిగా ఉన్నదని డాక్టరు చూసిన తరువాత, శిక్షణ ఉన్నవారి దగ్గర నేర్చుకుని చేయవలసినది అది; మామూలు ఎనిమా డబ్బాతో ఇంట్లో ప్రయోగాలు చేయకండి. అది కుదిరితే రోజులో చాలా గంటలు నిశ్చింతగా ఉండవచ్చు. కొందరు చివరకు శాశ్వతంగా సంచినే కోరుకుంటారు. సంచే నయమనిపిస్తున్నదని సిగ్గుపడుతూ రాశారు మీరు. సిగ్గుపడవలసినది ఏమీ లేదు, కానీ నాలుగవ నెలలో ఆ నిర్ణయం తీసుకోకండి.

అడగడానికి మొహమాటపడే సంగతి మరొకటి. కటి భాగంలో చేసిన శస్త్రచికిత్స, రేడియేషన్ వల్ల మూత్రానికి, దాంపత్యానికి సంబంధించిన నరాలు కూడా దెబ్బతినవచ్చు. మీరు రాయలేదు, నేను అడగడం లేదు. ఉంటే మాత్రం దానికీ చికిత్స ఉన్నది, డాక్టరు గారి దగ్గర ఆ ఒక్క మాట మింగకండి.


ప్రశ్న అడిగినవారు: మద్దిలపాలెం గుమాస్తా (ఏడు వారాల తరువాత)

అందరికీ వేరువేరుగా రాయలేకపోయినందుకు క్షమించండి. టీచరమ్మ గారు చెప్పిన ఐదు ప్రశ్నలకు నా మార్కులు 36 వచ్చాయి. కాగితం మీద రాసి తీసుకువెళ్ళాను. డాక్టరు గారు దానిని రెండుసార్లు చదివి, అతుకును కెమెరాతో చూసి ఇరుకు లేదన్నారు. ఉదయం టిఫినుకు, మధ్యాహ్నం భోజనానికి అరగంట ముందు ఒక్కొక్క లోపెరమైడ్, రాత్రి ఇసబ్‌గోల్ రాశారు. ఫిజియోథెరపీకి కూడా పంపారు. నేను నిజంగానే తప్పు కండరాన్ని బిగిస్తున్నానని మొదటి రోజే తేలింది.

ఇప్పుడు తొమ్మిది సార్లు అవుతున్నది. అంకె పెద్దగా తగ్గలేదు గానీ అందులో ఆరు, ఉదయం ఎనిమిది లోపలే అయిపోతున్నాయి. వ్యాపారి గారూ, డిశ్చార్జి కాగితంలో ఆ వాక్యం దొరికింది. అతుకు మలద్వారానికి 4 సెంటీమీటర్ల ఎగువన ఉన్నదట. ఇంత క్రింద అతికిస్తే ఇబ్బంది ఎక్కువగానే ఉంటుందని డాక్టరు గారు అప్పుడు చెప్పారు.

గిడ్డంగిలో మా యజమానికి విషయం చెప్పడానికి మూడు రోజులు తటపటాయించాను. విని, నా బల్లను మరుగుదొడ్డి ఉన్న వరండా వైపుకు మార్పించారు, ఇంకేమీ అడగలేదు. రాకపోకల సమయం కూడా ఒక గంట ఆలస్యంగా ఉండేటట్లు మార్చారు. నాలుగు నెలలు బస్సులో నేను పడిన యాతన ఆ ఒక్క సంభాషణ జరపలేకనే కదా అనిపించింది.

పెళ్ళికి రైలులోనే వెళ్ళాము. మరుగుదొడ్డికి దగ్గరి సీట్లు చూసుకున్నాము, విజయనగరం దాకా ఒక్కసారి కూడా లేవలేదు. బుట్టలో పెళ్ళికూతురిని మోయడానికి మాత్రం కుట్లు గుర్తు చేసి మా తమ్ముడిని ముందుకు నెట్టాను. విందులో అన్నం, పెరుగు, అరటిపండుతో సరిపెట్టుకుందామనుకున్నాను గానీ పులిహోర వాసనకు ఆగలేకపోయాను. రాత్రి మూడుసార్లు లేచాను.


సమాధానం 5: విశ్రాంత ఉపాధ్యాయిని, సీతమ్మధార

పులిహోర నాకు పడుతుంది, ఇంగువ తక్కువ వేసి, పోపులో శనగపప్పు, వేరుశనగ లేకుండా చేస్తే. పెళ్ళివారి పులిహోరలో మీకు పడనిది చింతపండా, నూనెనా, పప్పులా అన్నది ఒక సెలవు రోజున ఇంట్లో కొద్దిగా చేయించుకుని చూసి పుస్తకంలో రాసుకోండి. నాలుగు సెంటీమీటర్లకు ఆరవ నెలలో తొమ్మిది సార్లంటే నాకు తక్కువగానే అనిపిస్తున్నది. ఏడాది నిండినప్పుడు చేసే కొలనోస్కోపీ మరచిపోకండి, దానికి ముందు పేగు ఖాళీ చేయడానికి త్రాగించే ద్రవం మనబోటి వారికి మామూలు వారికంటే కష్టంగా ఉంటుంది. ఆ ముందు రోజు సెలవు పెట్టి, జింక్ లేపనం ముందే పూసుకుని ఉండండి.